ఎనిమిది కోర్లూ, నర్సన్న బిడ్డ పెండ్లి కార్డూ

ముప్పై ఏండ్లు సిద్దిపేటల కంప్యూటర్లు బాగుచేసిన. ఇప్పుడు ఇంట్ల కూసున్న. అయినా ఫోన్ ఊకోదు. ఈ పనిలకు కొత్తగ దిగిన పిల్లలు చేసి అడుగుతరు: "సార్, టైపింగ్ చేసేటాయనకు ఎన్ని కోర్ల మెషీన్ ఇయ్యాలె? ముప్పై రెండు బిట్ల కన్న అరవై నాలుగు బిట్లది డబుల్ ఫాస్ట్ ఉంటది గదా?"

ఉండదు. అంతే జవాబు. కాని ఉత్తగ ఉండదు అంటే ఎవ్వలు నమ్ముతరు? నేను సుత నమ్మలే. నమ్మనందుకు ఒక ఆడబిడ్డ పని ఆగం చేసిన, ఒక పెద్దమనిషి కండ్ల నీళ్లు తెప్పిచ్చిన, ఎరువుల బస్తాల నడుమ రెండు రోజులు కూసున్న. గా ముచ్చటనే చెప్త. ప్రమోషన్లు, సర్టిఫికెట్లు నాకు సుత వచ్చినయి. అవి అటక మీద ఉన్నయి, వాటితోని మీకేం పని లేదు.

సేటు చెప్పే లెక్క

నేను పనిచేసింది విఠల్ సేటు దుకాణంల. సేటు జిందగీల ఒక్క కంప్యూటర్ మూత సుత విప్పలే. అయినా అమ్ముట్ల ఆయనను మించినోడు లేడు. ఆయన హుషారంత ఏడుందంటే, కంప్యూటర్ గురించి మాట్లాడకపోవుట్ల ఉంది.

"పటేలా, నీ బోరు మీద ఎంత మోటరు పెట్టినవ్?" అని మొదలువెట్టెటోడు.

"ఐదు హెచ్‌పీ."

"ఏడున్నర పెడితే?"

"నీళ్లు జోరుగ ఎత్తుతది."

"గట్లనే గిది. నీ పాతదాంట్ల ఒక్కటే కోరు. దీంట్ల ఎనిమిది. పాతది ముప్పై రెండు బిట్లు, గిది అరవై నాలుగు. ఇంక నువ్వే లెక్క చేస్కో."

పటేలు కండ్లు మూసి లెక్క చేసెటోడు. కోర్లు ఎనిమిదింతలు, బిట్లు రెండింతలు, మొత్తం పదహారింతలు. మొకం వెలిగిపోయేది. నా దిక్కు తిరిగి "అంతేనా ఇంజినీరు సాబ్?" అనెటోడు. నేను తల ఊపెటోన్ని.

బోరుల నీళ్లే లేకుంటే మోటరు ఎంతదైతే ఏం లాభమని అడిగినోడు లేడు. నా అంతట నేను చెప్పిన పాపాన పోలే. తల ఊపుడు సులువు. ఇంజినీరు సాబ్ అని పిలిచినోని ముంగట ఇంకా సులువు. నా సర్వీసుల నేను చేసిన తప్పులల్ల సగం గీ తల ఊపుడే.

ఏడుగురు పండుకున్నరు

మొదటిపారి నాకు గడ్డిపెట్టింది దస్తావేజులు రాసే ఒక పెద్దాయన. సేటు మాట విని ఎనిమిది కోర్లది కొన్నడు. పది రోజులకే ఫోన్ చేసిండు. అక్షరం కొడితే, తాపీగ ఆలోచించుకొని స్క్రీన్ మీదికి వస్తుందట.

పోయిన. టాస్క్ మేనేజర్ తెరిచిన. అండ్ల ఎనిమిది కోర్లకు, అంటే లోపల పనిచేసే ఎనిమిది మెదళ్లకు, ఎనిమిది చిన్న డబ్బాలు కనవడ్తయి. ఏ కోరు పనిచేస్తే దాని డబ్బాల గీత లేస్తది. ఒక్క డబ్బాల గీత ఎగిరెగిరి పడ్తుంది. మిగిలిన ఏడు డబ్బాలల్ల నేలకు ఆనుకొని ఉన్నది.

పెద్దాయన అద్దాలు సర్దుకొని చూసిండు. "గీ ఏడుగురు ఏం చేస్తున్నరు?"

"అవసరమొస్తే లేస్తరు సార్."

"నా కాడ ఇరవై ఏండ్లుగ ఒక్కడే జీతగాడున్నడు. వాడు సుత అవసరమొస్తే లేస్తడు. ఒక్కన్ని లేపుకుంట నేను సస్తున్న, ఇంక ఏడుగురిని ఎందుకు అంటగట్టినవయ్యా?"

వెతికి చూస్తే మందగించింది కోర్ల తోని కాదు. ఒకటి కాదని రెండు యాంటీవైరస్‌లు ఎక్కిచ్చుకున్నడు, అవి ఒకదాన్నొకటి దొంగ దొంగ అని పట్టుకుంటున్నయి. ఒకటి తీసేసిన. మూత విప్పి, లోపల గిర్రున తిరిగే పాత రకం డిస్కు తీసి, తిరగని ఎస్‌ఎస్‌డీ పెట్టిన. మెషీన్ లేచి కూసుంది. పెద్దాయన చాయ్ తాపిచ్చిండు గాని, ఏడుగురి సంగతి మాత్రం నన్ను ఎప్పుడు కలిసినా అడిగెటోడు. "లేచిన్రా?" అనెటోడు.

ఉత్తరం టైపు చేసుడు, బిల్లు కొట్టుడు, కార్డు దిద్దుడు, ఇవన్ని ఒకదాని వెనుక ఒకటి జరిగే పనులు. ఆ సాఫ్ట్‌వేర్ రాసినోడే ఒక్క కోరు కోసం రాసిండు. పక్కన ఏడింటిని నిలబెట్టినా వాటికి అందిచ్చే పని ఉండదు. రెండో నాలుగో ఉంటే మంచిదే. ఒకటి మీ పని చూస్తే, ఇంకోటి యాంటీవైరస్సు, అప్‌డేట్లు చూసుకుంటది. పెండ్లి వీడియోలు కలిపే స్టూడియోల మాత్రం ఎనిమిది గీతలు ఒక్కతీరుగ లేసుడు నా కండ్లతోని చూసిన. గాడ ఎనిమిది కాదు, పదహారున్నా తక్కువే.

ఇంక బిట్లు. అరవై నాలుగు బిట్ల సిస్టమైతే నాలుగు జీబీ మించిన ర్యామును మంచిగ వాడుకుంటది. పెద్ద ఫొటోలు, వీడియోలు, బ్రౌజర్‌ల నలభై పేజీలు తెరిచి మర్చిపోయేటోళ్లు, వీళ్లకు అది కావాలె. టైపింగ్ చేసేటాయన "అ" కొడితే అప్పుడూ "అ"నే వచ్చేది, ఇప్పుడూ "అ"నే వస్తది.

ఇంకొక సంగతి ఎవ్వలు చెప్పరు. వెనుకటి కాలంల చేసిన కొన్ని సాఫ్ట్‌వేర్లు, కొన్ని సామాన్లు ఈ అరవై నాలుగు బిట్ల సిస్టంల అసలే నడువయి. ఇది నేను చదువుకున్నదే. కాని చదువుకున్నది యాదికి రావాల్నంటే తన్నులు పడాలె గదా. నాకు రాజేశ్వరి ఇంట్ల పడ్డయి.

పాతది గడప దాటాలె

రాజేశ్వరికి సిద్దిపేటల ఇంటి ముంగటి అర్రల డీటీపీ సెంటర్ ఉండె. పెండ్లి కార్డులు, కరపత్రాలు, దినాల పిలుపులు టైపు చేసి ప్రెస్సుకు పంపేది. చెయ్యి తిరిగిన మనిషి. కీబోర్డు దిక్కు చూడకుంట మాట్లాడుకుంట కొట్టేది, ఒక్క ఒత్తు తప్పకపోయేది. పెనిమిటి ఎల్లయ్య కల్లు గీస్తడు. అత్త లచ్చవ్వ ఏ పని చేయది, అందరితోని చేయిస్తది.

రాజేశ్వరి మెషీన్ పాత కాలంది, ఒక్క కోరుది. అండ్ల తెలుగు పేజీలు దిద్దే పాత సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండె. పెండ్లిళ్ల సీజన్ దగ్గరికొస్తుందని, మెషీన్ మొరాయిస్తుందని, కొత్తది తీసుకుంటనన్నది. సేటు మోటరు కథ చెప్పిండు. రాజేశ్వరి నా దిక్కు చూసింది. నేను తల ఊపిన.

మా పనిల ఒక కట్టుబాటు ఉంది. కొత్త మెషీన్ పెట్టినా, పాతదాన్ని ఎనిమిది రోజులు పక్కనే నడవనియ్యాలె. కొత్తదాంట్ల అన్ని పనులు ఒక్కపారన్న అయినంకనే పాతది తియ్యాలె. ఇది నాకు బాగ తెలుసు. రాజేశ్వరికి సుత చెప్పిన.

లచ్చవ్వ విన్నది. "ఏందీ? రెండు ఒక్కపారే పెడ్తరా?"

"ఎనిమిది రోజులే అవ్వా."

"ఒక్కింట్ల రెండు పొయ్యిలు ముట్టిస్తరా ఎవలన్న? ఇల్లు వేరువడ్డట్టు! పాతది గడప దాటాలె, అప్పుడు కొత్తదానికి బొట్టు. తొమ్మిది దాటితే మంచిగ లేదన్నడు అయ్యగారు. నువ్వెప్పుడు పీకుతవో నీ ఇష్టం బిడ్డా, నేనైతే హారతి ముట్టిస్తున్న."

నేను రాజేశ్వరి దిక్కు చూసిన. రాజేశ్వరి ఎల్లయ్య దిక్కు చూసింది. ఎల్లయ్య భుజం మీది మోకు సర్దుకొని, "చెట్లు పిలుస్తున్నయి" అని బయటవడ్డడు. ఇంక నాకు దిక్కెవలు? తొమ్మిదికి ఏడు నిమిషాలుండె. ఫైళ్లన్ని ముందటి రోజే కొత్తదాంట్లకు ఎక్కిచ్చిన గదా అని ధైర్యం తెచ్చుకొని, పాతదాని వైర్లు గబగబ పీకి, గడప దాటిచ్చి, పాతది మారకం కింద తీసుకుంటనని సేటు పంపిన ఆటోల పెట్టిన. దాని వెనుక ఏమున్నదో చూడలే. వేలు మందం దుమ్ముండె.

కొత్తదానికి బొట్టు పెట్టిన్రు, నిమ్మకాయ కోసిన్రు, కొబ్బరికాయ కొట్టిన్రు. కొబ్బరి నీళ్లు కీబోర్డు మీద పడకుంట నేను చేతులు అడ్డం పెట్టిన. స్విచ్ వేస్తే చిటికెల తెరుచుకుంది. ఒక పాట పెట్టిన, ఒక వీడియో పెట్టిన. వాడకట్టోళ్లు మస్తున్నది అన్నరు.

రాజేశ్వరి మెల్లగ అడిగింది. "అన్నా, నా పేజీల సాఫ్ట్‌వేర్ ఎక్కిచ్చినవా?"

"పగటీలి వచ్చి ఎక్కిస్త చెల్లె. గదేమన్న పెద్ద పనా?" అన్న.

అక్షరాలు కనవడలే

పగటీలి పోయి సీడీ వేసిన. "ఈ ప్రోగ్రాం ఈ సిస్టంల నడువది" అన్నది. మల్ల వేసిన. మల్ల అదే. మా తరం ఇంజినీర్లకు ఒక అలవాటుంది, కంప్యూటర్ కాదు అంటే సీడీని అంగికి తుడిచి వేస్తం. తుడిచి వేసిన. నడువది అన్నది.

అప్పుడు రాజేశ్వరి అన్నది, "అన్నా, మరి పాతదాని వెనుక తాళం ఉంటుండె గదా, అది దీనికి పెట్టినవా?"

"ఏం తాళం?"

"హైదరాబాదోళ్లు పెట్టిపోయింది. అగ్గిపెట్టె అంత ఉంటది. ప్రింటర్ వైరు దానికే ఉంటుండె. అది లేకుంటే సాఫ్ట్‌వేరూ తెరుచుకోదు, అక్షరాలూ కనవడయి."

పాత సాఫ్ట్‌వేర్లకు దొంగ కాపీలు పోకుంట గట్ల తాళంముక్క ఇచ్చెటోళ్లు, నాకు తెలుసు. పొద్దుగాల ప్రింటర్ వైరు పీకిన గాని, దుమ్ముల ఆ ముక్క మెషీన్‌కే ఉండిపోయింది. అది నా తోని ఉన్నా లాభం లేదు. దాన్ని గుచ్చే జాగనే కొత్త మెషీన్‌ల లేదు. కొత్తదాంట్ల పాత సిస్టం ఎక్కిద్దమని చూస్తే, బోర్డు దాన్ని గుర్తు సుత పట్టలే.

ఫైళ్లు మాత్రం ఉన్నయి. ఒకటి తెరిస్తే తెలుగు అక్షరాల జాగల కొమ్ములు మొలిచిన ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, చుక్కలు వచ్చినయి. రాజేశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇది నర్సన్న లిస్టు అన్నా" అన్నది.

ఈ నర్సన్న ఎవలంటే, మల్లన్నసాగర్ ప్రాజెక్టుల మునిగిన వేములఘాట్ రైతు. ఇప్పుడు గజ్వేల్ కాడి కాలనీల ఉంటుండు. బిడ్డ పెండ్లి పెట్టుకున్నడు. ఊరున్నప్పుడైతే కార్డుతోని ఏం పని? డప్పు కొట్టిచ్చి ఇంటింటికి బొట్టు పెట్టి వచ్చెటోళ్లు. ఇప్పుడు ఊరోళ్లు తలో దిక్కు పోయిన్రు. అందరి ఇండ్లు తెలువయి. కార్డు చేరితేనే వచ్చుడు. అందుకని నర్సన్న చదువు రాకపోయినా, ఫోన్లు చేసి అడ్రసులు అడిగి, ఐదు రోజులు రాజేశ్వరి పక్కన కూసొని చెప్పిండు. పేర్లు ఏ వరుసల చెప్పిండంటే, ఊరి నడుమ ఉండే బొడ్రాయి కాడ మొదలువెట్టి, వాడ వాడకు, ఇల్లు ఇల్లు. మునిగిన ఊరంత వరుసతోని ఆ ఫైలుల ఉంది. కాయితం మీద ఏడా లేదు. పెండ్లికి పన్నెండు రోజులే ఉన్నయి.

ఆ పొద్దుమూకనే నర్సన్న కార్డు చూసుకుందామని వచ్చిండు. నేను చెప్పిన. తప్పు నాదని సుత చెప్పిన. ఆయన కోపం చేయలే. "ఏం కాదు సారూ, మల్ల చెప్త, రాసుకోండ్రి" అని బొడ్రాయి కాడ మొదలువెట్టిండు. రాజేశ్వరి కాయితం మీద రాస్తుంది. ఒక వాడ అయింది. రెండో వాడల మూల మలిగినంక ఆగిండు.

"మూల మలిగినంక... ఎవలిల్లు?" అని తనను తనే అడుక్కున్నడు. చెయ్యి గాలిల తిప్పిండు. అటు చూసిండు, ఇటు చూసిండు. "యాదికొస్తలేదు సారూ. పదిపార్లు ఫోన్‌ల అడిగి అడిగి చెప్పిన అప్పుడు. పోయి చూసొద్దమంటే గాడ నీళ్లే ఉన్నయి."

అని కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. నాకు ఏడ్పొచ్చింది. ముప్పై ఏండ్ల సర్వీసుల కంప్యూటర్లు కాలబెట్టిన, డిస్కులు పోగొట్టిన, కాని గంత సిగ్గు ఎన్నడూ కాలే.

గప్పుడే చెట్లు దిగి ఎల్లయ్య వచ్చిండు. స్క్రీన్ మీద టాస్క్ మేనేజర్ ఉండె. సంగతి అడిగి, డబ్బాలను చాలా సేపు చూసిండు. "అన్నా, తాటిచెట్టు ఒకటే ఉంటే, ఎనిమిది మంది గౌండ్లోళ్లం పోయినా ఎక్కేది ఒక్కడే గదా? మిగిలినోళ్లం కింద కూసొని ముచ్చట్లు పెడ్తం. ఎనిమిది చెట్లుంటే అప్పుడు ఎనిమిది మంది కావాలె. మా ఇంటిదానికి ఉన్నది ఒక్క చెట్టు. మీరేమో ఎనిమిది మందిని తోల్కొచ్చి, చెట్టునే కొట్టేసిన్రు."

ఎన్నో ట్రైనింగులకు పోయిన. ఇంత సాఫుగ ఎవ్వలు చెప్పలే.

యూరియా బస్తాల మీద

ఆ మాపు సేటు ఫోన్ ఎత్తలే. తెల్లారి సేటు కాడికి ఉరికిన. "ఆ పాత మెషీన్ ఏది?"

"నిన్ననే అమ్మిన. కుకునూరుపల్లిల అంజిరెడ్డి అని, ఎరువుల దుకాణం ఆయన తీస్కపోయిండు. డిస్కు ఫార్మాట్ చేసినవా అంటే చేసిన అంటివి గదా?"

అన్న. కాని చేయలే. ఎండ మస్తు కొడ్తుండె, అన్నం తిన్నంక కునుకు వస్తుండె, చేసిన సేటు అని అబద్ధం చెప్పి బల్ల మీద తల పెట్టిన. పిల్లలూ, ఇది గొప్ప పని కాదు, మీరు చేయకుండ్రి. కాని ఆ రోజు నా బద్ధకానికి నేనే దండం పెట్టుకున్న.

రాజేశ్వరిని, నర్సన్నను ఎక్కిచ్చుకొని కుకునూరుపల్లి పోయిన. దుకాణం ముంగట యూరియా కోసం లైను. రైతులు చెప్పులు లైన్ల పెట్టి, వాళ్లు లోపల నీడకు నిలబడ్డరు. గల్లా పక్కన మా మెషీన్! పసుపు, కుంకుమ, బంతిపూల దండ. స్క్రీన్ మీద ఒగ్గు కథ వీడియో నడుస్తుంది, ఆగుతుంది, మల్ల నడుస్తుంది.

"మంచిగ నడుస్తుందా?" అని అడిగిన.

అంజిరెడ్డి మురిసిపోయిండు. "ఫస్ట్ క్లాస్. ఆగుకుంట ఆగుకుంట చెప్తది. కథ చెప్పేటాయన సుత గట్లనే ఆగుతడు గదా."

నేను వెనుకకు వంగి చూసిన. అగ్గిపెట్టె అంత తాళంముక్క ఉన్నది. అంజిరెడ్డి దాన్ని పీకలే. పొడుచుకొని ఉందని దానికి నిమ్మకాయ, మిరపకాయల దండ కట్టిండు. దిష్టికి.

సంగతంత చెప్పి, రెండు రోజుల కోసం మెషీన్ ఇయ్యమని అడిగిన.

"ఇయ్య" అన్నడు. "ఏమనుకోకు ఇంజినీరూ. నెల రోజుల సంది రాని యూరియా లారీ గీ మెషీన్ వచ్చిన పొద్దే వచ్చింది. ఎల్లుండి ఇంకో లారీ రావాలె. దీన్ని కదిలిస్తే లైనుల ఉన్నోళ్లు నన్ను బతకనిస్తరా?"

లైనుల ఉన్నోళ్లు "కదిలియ్యద్దు" అన్నరు, ఒక్క గొంతుతోని.

"మరెట్ల పటేలా?"

"గీడనే కూసొని చేస్కోండ్రి. ఎవలొద్దన్నరు? బస్తాలు ఎన్నన్న ఉన్నయి, ఏసుకొని కూసోండ్రి."

రాజేశ్వరి ఆ వాసనకు ముక్కు మూసుకొని, రెండు బస్తాలు ఒకదాని మీద ఒకటి వేసుకొని కూసుంది. ఫైలు తెరిచింది. ఒక్క నిమిషం ఏం రాలే. ఒక్క కోరు గదా, ఆలోచన చేసుకుంటుంది. మెల్లగ, ఒక్కొక్క వరుస, తెలుగు పేర్లు దిగినయి.

రాజేశ్వరి బిగ్గరగ చదువుతుంది, నర్సన్న యూరియా బస్తా మీద కూసొని ఊఁ కొడ్తుండు. రెండో వాడ. మూల మలిగింది. "పోశవ్వ" అని చదివింది.

"ఔ!" అని నర్సన్న లేచి నిలవడ్డడు. "పోశవ్వ! ఇంటి ముంగట జామచెట్టు! ఎట్ల మరిచిన్నే నేను!" నవ్వుతుండు, ఏడుస్తుండు.

లైనుల ఒకాయన అందుకున్నడు. "పోశవ్వ గజ్వేల్ల లేదు పటేలా. చంద్లాపూర్ల బిడ్డ ఇంటికి పోయింది. మా ఇంటి పక్కనే."

ఇంకొకాయన, "గా ఎల్లారెడ్డి సుత కాలనీల ఇల్లు మార్చిండు" అన్నడు. గంతే. లైనంత స్క్రీన్ దిక్కు తిరిగింది. మునిగిన ఊరోళ్లు చుట్టుపక్కల ఊర్లల్లనే సర్దుకున్నరు గదా, రెండు రోజులు యూరియా కొనవచ్చినోళ్లే అడ్రసులు దిద్దిన్రు. ఒకలు ఔనంటే ఒకలు కాదంటరు, ఫోన్ చేసి అడుగుతరు, రాజేశ్వరి మారుస్తది. అంజిరెడ్డి నడుమ నడుమ వచ్చి, "జర కథ పెట్టుకోవచ్చునా?" అని అడిగెటోడు. అందరు కలిసి ఆయనను కసురుకునెటోళ్లు. సొంత దుకాణంల, సొంత మెషీన్ మీద, పాపం.

మూడో రోజు పొద్దుగాల కార్డు, కవర్ల మీద అడ్రసులు అన్ని పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌ల ఎక్కిచ్చినం. ఎక్కిచ్చి తీస్తుంటే యూరియా లారీ వచ్చింది. అంజిరెడ్డి నా దిక్కు ఎట్ల చూసిండంటే, ఇప్పుడేమంటవ్ అన్నట్టు. నేను ఏమంట? మెషీన్‌కు దండం పెట్టిన.

నేను ఒప్పుకునేది

తిరిగొచ్చి సేటుకు చెప్పిన, ఇంక నేను తల ఊపనని. సేటు నవ్విండు. "నువ్వు ఊపకుంటే వాళ్లు కొనరా?" అన్నడు. కొన్నరు. సేటు నా పక్కకు చూడకుంట మోటరు కథ చెప్పుడు నేర్చుకున్నడు, అంతే. నేను మాత్రం రిపేరుకు ఎవలింటికి పోయినా ముందుగాల అడిగెటోన్ని: "పొద్దున లేస్తే ఈ డబ్బా మీద ఏం పని చేస్తరు? నా ముంగట ఒక్కపారి చేసి చూపిండ్రి." సగం మందికి డిస్కు మారిస్తే చాలని తేలేది. ఇంకా కొందరికి ఫ్యాను మీది దుమ్ము దులిపితే చాలు. మీరు ఈ పనిలకు వచ్చినంక కోర్లు, బిట్లు తర్వాత అడగండ్రి. ముందుగాల ఆ మనిషి కుర్చీ పక్కన పావుగంట కూసోండ్రి.

పాతదాన్ని, కొత్తదాన్ని ఎనిమిది రోజులు పక్కపక్కన నడిపే కట్టుబాటు విడువకుండ్రి. ఇంటి పెద్దవ్వ వద్దంటే ఆమెను బతిమాలుకోండ్రి, కాళ్లు మొక్కుండ్రి. పాతదాన్ని కావాల్నంటే గడప అవతల అరుగు మీద పెట్టి నడపుండ్రి. ఇది నాకు నెల రోజుల తర్వాత తట్టింది. లచ్చవ్వను అడిగితే, "గట్లయితే ఏం బాధ? గడప దాటుతే చాలు అంటి గదా" అన్నది. అడిగుంటే అయిపోయేది. అడగలే.

రాజేశ్వరి ఎనిమిది కోర్ల మెషీన్ పడావు పడలే. పెద్ద పెద్ద ఫ్లెక్సీల ఫొటోలు దాని మీద దిద్దుతుంది, అప్పుడు ఎనిమిది గీతలూ లేస్తయి. పాత కార్డుల ఫైళ్లు కొత్త తెలుగు అక్షరాలల్లకు మార్చనీకి నేను ఎన్నో ఆదివారాలు కుకునూరుపల్లి తిరిగిన. తప్పు నాది, తిరుగుడు నాది.

పెండ్లి

పెన్‌డ్రైవ్ తెచ్చిన పొద్దే ప్రెస్సోళ్లు అచ్చేసిన్రు, కార్డులు నర్సన్నకు పెండ్లికి తొమ్మిది రోజుల ముందు అందినయి. నాకు, రాజేశ్వరికి సుత పిలుపు వచ్చింది. పోతే ఏం మొకం పెట్టుకొని పోవాలె అనుకున్న. కార్డులు చేరినయో లేదో, చేరినా వస్తరో రారో. గిన్ని ఊర్లల్లకు చెదిరినోళ్లు పని విడిచిపెట్టి వస్తరా? మా పొరపాటుకు మూడు రోజులు పోయినయి గదా, ఆ మూడు రోజులల్ల పోవాల్సిన కార్డులు పోక పందిరి ఖాళీగ ఉంటే, నర్సన్న మొకం ఎట్ల చూడాలె?

కాలనీ మలుపు కాడనే బండి ఆపాల్సొచ్చింది. జీపులు, ఆటోలు, ట్రాక్టర్లు. లోపలికి నడిచి పోతే, లగ్గం అయిపోయింది గాని ఎవ్వలు కదులుతలేరు. ఎక్కడికక్కడ గుంపులు గుంపులుగ నిలవడి, ఒకల చేతులు ఒకలు పట్టుకొని, "నువ్వెక్కడ ఉంటున్నవే, నువ్వెక్కడ ఉంటున్నవే" అని అడుక్కుంటున్నరు. కొందరు కావలిచ్చుకొని ఏడుస్తున్నరు. పిల్ల పెండ్లికి వచ్చినమన్న సంగతి సగం మంది మరిచినట్టున్నది.

బంతిల కూసున్నం. విస్తరాకు వేసిన్రు, నీళ్లు చల్లిన్రు, ఎంత సేపటికి అన్నం రాలే. వడ్డించేటోళ్లు ఉత్త గంపలు పట్టుకొని అటు ఇటు ఉరుకుతున్నరు. నర్సన్న నన్ను చూసి దూరంకెళ్లి ఉరికొచ్చిండు. చెమటలు, మెడల కండువ ఏడనో పడిపోయింది, గొంతు పోయింది. నా భుజాలు రెండు పట్టి ఊపిండు.

"అన్నం ఒడిసింది సారూ!" అన్నడు. నోరు నవ్వుతుంది, కండ్లకెళ్లి నీళ్లు కారుతున్నయి. "సగం మందన్న వస్తరా అనుకొని పొయ్యి మీద పెట్టిచ్చిన. ఒడిసింది! మల్ల ఎసరు పెట్టిచ్చిన, ఆకు ముంగటికెళ్లి లేవకుండ్రి. ఊరంత వచ్చింది సారూ, ఊరంత వచ్చింది!"